దేవదారు గుంజ

రాయిస్ గుద్దిన గుద్దుకి చమురు కంపెనీ మనిషి లూసియో పెదవి చిట్లింది.

"నా మందలో సగం చచ్చిందిరా ఈ పల్లంలో! ఒక్క ఆవుకీ గాయం లేదు. మీరు భూమిలోకి ఎక్కించే బొగ్గుపులుసు వాయువే కదరా చంపింది?"

"అది ఎక్కిస్తేనే చమురు పైకొస్తుందన్నా. కానీ మా బావుల్లోంచి ఎక్కడా లీకవ్వట్లేదు."

"అయితే నువ్వూ పీల్చు!" రాయిస్ అతని పీక పట్టుకుని పల్లంలోకి ఈడ్చాడు.

వెంట దిగిన రాయిస్ కుక్క మొరుగుతూనే ఒరిగిపోయింది. మళ్లీ ఎత్తిన పిడికిలి దిగకముందే రాయిస్ కుప్పకూలాడు. లూసియో ఊపిరి బిగబట్టి, అతన్ని జుట్టు పట్టి, ముళ్ల మీంచి గట్టుకి లాగి పడేశాడు.

ముళ్లకి చీరుకున్న పెదవిలోంచి రాయిస్ రక్తం ఉమ్మాడు. "బావుల దగ్గర కుళ్లిన గుడ్ల కంపొస్తే విషవాయువని, పారిపొమ్మని మా నాన్న నేర్పాడు. ఇక్కడ ఏ కంపూ లేదు కదరా!"

"దీనికి వాసనుండదన్నా, గాలికన్నా బరువు, పల్లంలో పేరుకుంటుంది. అదుగో, ఆ పాత చమురు బావిలోంచి వస్తోంది. ఎవడో సిమెంటు పొయ్యకుండా, ఇదిగో, ఈ దేవదారు గుంజ దిగ్గొట్టి మూశాడు. మేం కింద ఎక్కించిన వాయువు ఒత్తిడికి ఎగిరొచ్చి ఇక్కడ పడింది."

"ఎవడాడు? చచ్చుంటే సమాధిలోంచి లాగి తంతా!" రాయిస్ లేచి గుంజని బూటుకాలితో తన్నాడు.

గుంజ దొర్లింది. టెక్సస్ ఎండలో దాని అడుగున కాల్చిన ముద్ర కనిపించింది. తమ కంచె గుంజలకి నాన్న స్వయంగా వేసిన ముద్ర.

పల్లంలో పడున్న ప్రతి ఆవు తొడ మీదా అదే ముద్ర.