వానకాపరి

"ఆయనో, నేనో. తేల్చుకోండి ఇబూ."

గాలిహ్ ఆ మాట అనేసరికి, అందరూ ఇబూ, అంటే అమ్మగారు, అని పిలిచే నెనెంగ్ అల్లం కషాయం గ్లాసు కింద పెట్టింది. బోగోర్‌లో ఆరుబయట పెళ్ళిళ్ళు చేయించే వ్యాపారం ఆమెది. ఆ ఊళ్ళో వాన పడని రోజే వింత. అందుకే ప్రతి పెళ్ళికీ వానని ఆపడానికి సర్కిమ్‌ని, అందరూ అబాహ్ అని పిలుచుకునే తాతని, పిలిపిస్తుంది. ముసలాయన వచ్చి తోట మూలన గొంతుక్కూర్చుంటాడు. పుల్లలకి ఎర్ర మిరపకాయలూ ఉల్లిపాయలూ గుచ్చి నేలలో పాతుతాడు. లుంగీ సర్దుకుని, కళ్ళు మూసుకుని, ఆకాశంతో బేరం మొదలుపెడతాడు.

గాలిహ్ అక్కడ డేటాబేసులు చూసే ఉద్యోగి. ఒకసారి చేసిన పని మళ్ళీ చేతులతో చెయ్యాలంటే అతనికి ఒళ్ళు మంట. ప్రోగ్రాం రాసి పారేస్తాడు. కుర్చీల లెక్క, వంటవాళ్ళకి కబురు, బాకీలు గుర్తుచెయ్యడం అన్నీ అతను నిద్రపోతున్నా వాటంతటవే జరిగిపోతాయి. ఇక మిగిలింది మిరపకాయలే.

వాటికీ విరుగుడు తయారుచేశాడు. మబ్బుల బొమ్మలు, గాలి వాలు, కొండమీది తేమ ఎప్పటికప్పుడు డేటాబేసులో వచ్చి పడతాయి. ఏ తోటలో ఎప్పుడు చినుకు రాలుతుందో ప్రోగ్రామే లెక్కగట్టి మెసేజీ పంపిస్తుంది. కావలసినవాళ్ళు ఓ నంబరుకి 'వాన' అని కొడితే చాలు. ఆ నంబరు రాసిన కాగితం ఎదురుగా టీకొట్టు గోడకి కూడా అంటించాడు.

"పేరు రాసుకోడానికి కూడా మనిషక్కర్లేదు ఇబూ. నేను చచ్చినా అది నడుస్తూనే ఉంటుంది."

"పెళ్ళిళ్ళ ఇంట్లో చావు మాటలేంటి, నీ నోట్లో మన్నుపడ! అబాహ్ మా అత్తగారి కాలం నుంచీ ఉన్నాడు."

"పోయినేడు తడిసిన పెళ్ళిళ్ళు చూపించనా?"

"అది పెళ్ళివాళ్ళ పాపం," అంది నెనెంగ్. కానీ కాసేపు ఆలోచించింది. "సరే. ఈ వానాకాలం ఇద్దర్నీ చూస్తా. ఎవరి వల్ల మేలో వాళ్ళే ఉంటారు. రెండోవాళ్ళు దయచెయ్యొచ్చు."

ఆ రాత్రి గాలిహ్ భార్య తల కొట్టుకుంది. "నెలలు నిండుతున్న పెళ్ళాన్ని పెట్టుకుని ఉద్యోగం పందెం కాస్తావా? అదీ మిరపకాయల మీద?"

"గెలిచే పందెమేలే," అన్నాడు గాలిహ్.

మొదటి పెళ్ళినాడు అతని ఫోను మోగింది. నాలుగింటికి వాన. పరుగున వెళ్ళి చూపించాడు. నెనెంగ్ నవ్వింది.

"ఇప్పుడే అబాహ్ చెప్పాడు. 'నాలుగు దాకా పట్టి ఉంచుతానమ్మా, ఆపైన నా వల్ల కాదు' అన్నాడు. భోజనాలు ముందే పెట్టించేస్తున్నా."

నాలుగింటికి వాన దంచింది. పెళ్ళికూతురి తల్లి ముసలాయన చెయ్యి కళ్ళకద్దుకుంది. గాలిహ్ వైపు చూసినవాళ్ళు లేరు.

రెండో పెళ్ళికి వాన లేదంది మెసేజీ. మబ్బుల్ని కొండ అవతలికి తోలేశానన్నాడు అబాహ్.

గాలిహ్‌కి పంతం పెరిగింది. సెలవులు మానుకుని లెక్కకి పదును పెట్టాడు. ముసలాయనకీ పౌరుషం వచ్చినట్టుంది. ఒకప్పుడు 'సాయంత్రం' అని ఊరుకునేవాడు కాస్తా ఇప్పుడు 'మూడుంపావు' అంటున్నాడు. వాన రాకడ, ప్రాణం పోకడ ఎవరికెరుక అంటారు. ఆ తోటలో మాత్రం ఇద్దరికి ఎరుకే.

ఒక్క ఆదివారం మాత్రం గాలిహ్ మరమ్మతు కోసం తన ప్రోగ్రాంని ఆపాల్సి వచ్చింది. ఖర్మ కాలి అబాహ్‌కీ ఆ రోజే జ్వరం. పెళ్ళికొడుకు, పలావు, పూలపందిరి అన్నీ కలిసి తడిసి ముద్దయ్యాయి.

వానాకాలం అయ్యాక నెనెంగ్ తీర్పు చెప్పింది.

"ఇద్దరి మాటా ఒక్కటే. కానీ నీది 'నాలుగింటికి వానొస్తుంది' అంటుంది. ఆయన 'నాలుగు దాకా ఆపుతా' అంటాడు. పెళ్ళికూతురి తల్లికి ఏ మాట చెప్పమంటావు?"

"ఇబూ, అది..."

"పైగా ఆయనకి జ్వరమొచ్చిన ఒక్కరోజే పెళ్ళి మునిగింది. చూశావుగా?"

"ఆ రోజు నా ప్రోగ్రాం కూడా ఆగింది!"

"అబాహ్ లేకపోతే నీదీ నడవదన్నమాట," అంది నెనెంగ్.

గాలిహ్‌కి ఏడుపొచ్చినంత పనైంది. ఆయనో, నేనో అన్నది తనే. బల్లమీది సామాను సంచిలో వేసుకుని బయటికొచ్చాడు. గేటు దగ్గర ముసలాయన నిలబడి ఉన్నాడు. ఎగతాళి చేస్తాడనుకున్నాడు గాలిహ్. ముసలాయన కళ్ళలో నిజంగానే దిగులుంది. అతని భుజమ్మీద చెయ్యి వేశాడు.

"నీలాంటి పనిమంతుణ్ణి పోగొట్టుకుంటోంది పిచ్చిది. నాకు మనసేం బాలేదు నాయనా."

ఆ పైన అటూ ఇటూ చూసి, లుంగీ మడతలోంచి ఫోను బయటికి తీసి, గొంతు తగ్గించి అడిగాడు: "నువ్వెళ్ళిపోయినా ఆ వాన మెసేజీలు నాకు ఎప్పట్లాగే వస్తాయి కదా?"