కుక్క చెవి మీద గాటు

ఎలైహూ క్రాబ్‌ట్రీ ఆ స్టాంపును పట్టకారుతో ఎత్తాడు. పాలలోంచి బొద్దింకను తీసినట్టు తీసి, గుడ్డ మీద పడేశాడు.

"ఛీ. మళ్ళీ ఇదే."

కిటికీ దగ్గర కాఫీ తాగుతున్న లౌరీ నవ్వాడు. న్యూయార్కు నాసౌ వీధిలోనే, రెండు గుమ్మాల అవతల అతనిది కూడా స్టాంపుల దుకాణం.

"ఎన్నోది, ఎలైహూ?"

"పదోది."

బల్లకు ఇవతల నిలబడ్డ ముసలావిడ పేరు హెస్టర్ వాండర్‌వీర్. నల్లబట్టల్లో ఉంది. బ్రూక్లిన్ నుంచి ట్రాములో వచ్చింది. కూర్చోమని ఎవరూ అనలేదు.

"అయ్యా, మా ఆయన పోయి నెలైంది. ఇది మీ చేతికే ఇమ్మన్నారు. దీని సంగతి మీకు చెప్పమని..."

"పోయేముందు అందరి మొగుళ్ళకీ నా పేరే గుర్తొస్తుందమ్మా," అన్నాడు క్రాబ్‌ట్రీ. "ఊరికే ఇస్తామని వస్తారు. గుమ్మం దాటేలోపు ఎంతిస్తారని అడుగుతారు."

ఆ స్టాంపు 1846 నాటిది. ప్రభుత్వ టపా ఇళ్ళకు ఉత్తరాలు సరిగా పంచని రోజులవి. ఊళ్ళో పంచిపెట్టడానికి ఎవరికి వారు ప్రైవేటు టపాలు పెట్టి, సొంతంగా స్టాంపులు అచ్చు వేసుకునేవారు. గ్రీన్‌లీఫ్ టపా నాలుగు నెలలు నడిచి మూతపడింది. దాని స్టాంపు మీద, ఉత్తరం నోట కరుచుకున్న కుక్క ఉంటుంది. అసలుది ఒక్కటే మిగిలిందని స్టాంపులు సేకరించేవాళ్ళందరి నమ్మకం. ఆ ఒక్కటీ క్రాబ్‌ట్రీ దగ్గర ఉంది.

ఇరవై ఆరేళ్ళ కింద వేలంలో కొన్నాడు. ఆరు నెలలు భూతద్దం కింద పెట్టి చూశాడు. కుక్క ఎడమ చెవి మీద వెంట్రుకంత గాటు కనిపించింది. దొంగ అచ్చులను పట్టుకోవడానికి గ్రీన్‌లీఫ్ వాళ్ళు కావాలని పెట్టిన రహస్య గుర్తు అదని పత్రికలో రాశాడు. ఆ వ్యాసంతోనే ఆయనకు పేరొచ్చింది. గాటు ఉంటే అసలు, లేకపోతే నకిలీ.

తర్వాత బోస్టన్ నుంచి, ఫిలడెల్ఫియా నుంచి ఒకటొకటిగా తొమ్మిది వచ్చాయి. తొమ్మిదింటిలోనూ చెవి మీద గాటు లేదు. తొమ్మిదింటి మీదా ఊదా సిరాతో 'నకిలీ' అని ముద్ర కొట్టి తిప్పి పంపాడు. ఆ సిరా చెరగదు. నకిలీ సరుకు మళ్ళీ అంగట్లోకి రాకూడదన్నది ఆయన పద్ధతి.

ఇన్నేళ్ళూ రాసిన పుస్తకం సోమవారం అచ్చుకు వెళ్తోంది. మొదటి పేజీలో ఆ చెవి బొమ్మే, అరచేయంత.

"చెవి చూశావా?" అన్నాడు లౌరీ. "గాటు లేని అసలుది ఒక్కటి దొరికిందంటే నీ పుస్తకం పొట్లాలకు కూడా పనికిరాదు."

"దీన్ని చూడు. చెవి మీద గాటు లేదు. ఇది కుక్కా, పందికొక్కా? అక్షరాలు తాగినవాడి నడకలా ఉన్నాయి. వెనక జిగురు చీమిడిలా ఉంది." క్రాబ్‌ట్రీ జేబురుమాలుతో వేళ్ళు తుడుచుకున్నాడు. "మీ ఆయన ఏం పని చేసేవాడు?"

"చెక్క దిమ్మల మీద బొమ్మలు చెక్కేవారండీ. పేపర్లకి, విత్తనాల కంపెనీల పుస్తకాలకి."

క్రాబ్‌ట్రీ లేచి నిలబడ్డాడు. తొమ్మిది నకిలీలూ ఒకే చేతి పని అని ఆయన ఎప్పుడో తేల్చాడు. ఆ చెయ్యి ఎవరిదో మాత్రం దొరకలేదు.

"కుక్క బొమ్మ ఎప్పుడైనా చెక్కాడా? నిజం చెప్పు."

ఆవిడ తల వంచుకుంది. "చెక్కారండీ. పెళ్ళైన కొత్తలో. అది చెప్పడానికే వచ్చాను. ఒక్కటంటే ఒక్కటే అచ్చు తీశారు. తర్వాత భయమేసి దిమ్మను పొయ్యిలో పెట్టేశారు."

"విన్నావా లౌరీ? దొరికాడు దొంగ!" బల్ల మీద గుద్దాడు. "ఒక్కటేనా? తొమ్మిది ఈ చేతులతో పట్టుకున్నాను. ఇది పదోది."

"ఒక్కటేనండీ. కాస్త నా మాట పూర్తిగా..."

"నీ మాట విన్నాను, నీ మొగుడి పనీ చూశాను. రెండూ ఒకటే కంపు."

ముద్ర తీసి సిరాలో అద్ది, స్టాంపు మీద కొట్టాడు. చాలదన్నట్టు ఇంకోసారి కొట్టాడు. పాత కాగితం సిరా పీల్చుకుంది. కుక్క కనిపించలేదు. ఉత్తరమూ కనిపించలేదు.

హెస్టర్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. బల్ల దగ్గరకు జరిగి అడిగింది.

"మీ దగ్గరున్నది ఒకసారి చూడొచ్చాండీ?"

"చూపించవయ్యా," అన్నాడు లౌరీ. "చూస్తే అరుగుతుందా?"

క్రాబ్‌ట్రీ రేకు పెట్టె తాళం తీశాడు. తన స్టాంపును భూతద్దం కింద పెట్టి, పక్కకు జరిగాడు.

"చూడు. నిజాయితీగా చేసిన పని ఎలా ఉంటుందో చూసి పో. ముట్టుకోకు. ఆ ఎడమ చెవి మీద చూడు."

ఆవిడ వంగి చూసింది. కళ్ళజోడు తీసి తుడుచుకుని, మళ్ళీ చూసింది.

"ఈ గాటు నా వల్లే పడిందండీ, సూపు చల్లారిపోతోందని నేను వెనకనుంచి కేకేసేసరికి మా ఆయన చేతిలో ఉలి జారింది."