అర మైలు

"ఆ అర మైలు సంగతి మీ నోటితో చెబితేనే బాగుంటుంది కెప్టెన్ గారూ," అన్నాడు లూషియస్ పీస్లీ, పెన్సిలు మొన చెక్కుకుంటూ.

ఆరిన్ ట్యూక్స్‌బరీ తన కోత మిల్లు గుమ్మంలో నిలబడి చొక్కాకు అంటిన రంపపు పొట్టు దులుపుకుంటున్నాడు. అమెరికా అంతర్యుద్ధం నుంచి కెప్టెన్‌గా తిరిగొచ్చి, వెర్మాంట్ శాసనసభకు మూడుసార్లు గెలిచిన మనిషి. ఈ సెప్టెంబరులో రాష్ట్ర సెనేట్‌కు నిలబడుతున్నాడు. ఆయన జీవిత చరిత్రను చిన్న పుస్తకంగా వేసి ఇంటింటికీ పంచాలని పార్టీవాళ్లు అనుకున్నారు. ఊళ్లో వారపత్రిక నడిపే లూషియస్‌కు ఆ పని అప్పగించారు.

పుస్తకం దాదాపు పూర్తయింది. చిన్నప్పటి పొలం పనులు, సైన్యంలో చేరడం, వంతెనల చట్టం, పేదపిల్లల బడి చట్టం అన్నీ వచ్చాయి. మిగిలింది ఒక్కటే. వర్జీనియాలో దళమంతా చెదిరి వెనక్కి పారిపోతున్నప్పుడు ట్యూక్స్‌బరీ తోటి సిపాయి జేబెజ్ కోల్‌బర్న్‌ను వీపున వేసుకున్నాడు. వెనక నుంచి తూటాలు కురుస్తుంటే అర మైలు పరుగెత్తి వాగు దాటించాడు. ట్యూక్స్‌బరీ ఒంటిమీద గీత కూడా పడలేదు. ఆ పనికే కెప్టెన్ హోదా ఇచ్చారు. కౌంటీలో ఈ కథ తెలియని వాళ్లు లేరు. చిత్రమేమిటంటే, ఆయన చెప్పగా విన్నవాళ్లూ లేరు.

"నేను పరుగెత్తాను. అంతే రాసుకో," అన్నాడు ట్యూక్స్‌బరీ.

"అంతే అంటే ఓట్లెవరు వేస్తారండీ? దానికోసం పేజీన్నర ఖాళీ ఉంచాను."

ట్యూక్స్‌బరీ నవ్వలేదు. "అయితే వెళ్లి జేబెజ్‌ను అడుగు."

"ఆయన ఆ సంగతి ఎవరితోనూ మాట్లాడడంటారే."

"ఎవరైనా అడిగితేగా? అందరూ నన్నే అడిగారు. ఏం చెబితే అది అచ్చు వెయ్యి. ఒక్క మాట మార్చొద్దు. నాకు చూపించక్కర్లేదు కూడా."

తన గురించిన పుస్తకాన్ని అచ్చుకు ముందు చూడనన్న నాయకుడిని లూషియస్ అంతవరకు ఎరగడు. ఇంత మొహమాటం ఏమిటా అని దారిపొడవునా ఆలోచించాడు.

అతను వెళ్లేసరికి జేబెజ్ వరండాలో గుర్రపు జీను కుడుతున్నాడు. నడుము వంగదు కాబట్టి నిలబడే పని చేసుకునేలా ఎత్తు బల్ల వేయించుకున్నాడు. ఎడమ చంక కింద కర్ర ఉంది. అతని భార్య ఫిలూరా ఆపిల్ పళ్లతో చేసిన తీపి రొట్టె ముక్క మీద జున్ను పెట్టి తెచ్చింది.

"కెప్టెన్ గారి పుస్తకమా? బాగా రాయవయ్యా," అంది. "పదిహేడేళ్లుగా చలికాలంలో మాకు కట్టెల కొరత లేదు. మనుషుల్ని పంపడు, తనే వచ్చి గొడ్డలి పట్టుకుంటాడు. శాసనసభ జరుగుతున్నా సరే, అంత దూరం నుంచి మంచులో పడి వచ్చాడు. ఈయనేమో లోపలికి రమ్మని ఒక్కసారీ అనడు."

"కట్టెలు కొట్టొద్దని కూడా అనలేదుగా," అన్నాడు జేబెజ్ తలెత్తకుండా.

"విన్నావా? ప్రాణం నిలబెట్టిన మనిషి గురించి మాట్లాడే తీరు ఇదీ." ఆమె విసుక్కుంటూ పాలు పితకడానికి కొట్టంలోకి వెళ్లిపోయింది.

లూషియస్ కాగితాలు తీశాడు. "మీరు ఆయన సభలకు రారెందుకండీ?"

"ఎక్కువసేపు కూర్చోలేను."

"ఓటు మాత్రం వేస్తారా?"

"మూడుసార్లూ వేశాను. పని చేసే మనిషి. ఆ బడి చట్టం లేకపోతే మా అమ్మాయి ఈపాటికి బట్టల మిల్లులో ఉండేది."

"మరి మాట్లాడుకోరెందుకు?"

జేబెజ్ మరో కుట్టు వేశాడు. "నిన్నిక్కడికి ఎవరు పంపారు?"

"కెప్టెన్ గారే. మీరు ఏం చెబితే అది వేయమన్నారు. ఒక్క మాట మార్చొద్దన్నారు."

సూది తోలులో సగం దిగి ఆగిపోయింది. "ఆ మాటే అన్నాడా?"

"అక్షరాలా."

"ఎన్నికలయ్యాకా?"

"లేదండీ, ముందే. వచ్చే వారం అచ్చు."

జేబెజ్ సూదిని తోలులోనే వదిలేసి, కర్ర మీద ఆనుకుని అతనివైపు తిరిగాడు. లూషియస్ రొట్టె ముక్క తినేసి, వేళ్లు తుడుచుకుని, మళ్లీ పెన్సిలు పట్టుకున్నాడు.

"సరే. ముందు ఇది రాసుకో," అన్నాడు జేబెజ్. "ఆరిన్ నన్ను మధ్యలో దింపలేదు. కాళ్లు తడబడుతున్నాయి, ఊపిరి అందడం లేదు, అయినా దింపలేదు. వాగు దాటాకైనా దింపి తన దారిన పోవచ్చు. పోలేదు. డాక్టరు బల్ల దాకా మోసుకెళ్లాడు. అక్కడ నా మొహం చూసి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. నేను బతుకుతానని తెలిసేదాకా తిండి ముట్టలేదట."

లూషియస్ గబగబా రాస్తున్నాడు. "తూటాలు ఎక్కడ తగిలాయండీ?"

"రెండు వీపులో, ఒకటి తుంటిలో."

"అవి తగిలి ఎంతసేపు పడి ఉన్నారు, ఆయన వచ్చి ఎత్తుకునేదాకా?"

"పడి ఉండటమేమిటి? జ్వరంగా ఉందని బండి కింద పడుకున్నాను. తుపాకుల మోత విని లేచి నిలబడ్డాను. వాడు పరుగెత్తుకొచ్చి నన్ను పట్టుకున్నాడు. 'నేను నడవగలనురా' అన్నాను. వినిపించుకోలేదు."

లూషియస్ పెన్సిలు ఆపాడు. "మూడు తూటాలతో ఎలా నడుస్తారండీ?"

జేబెజ్ అతని మొహంలోకి చూశాడు.

"వాడు నన్ను వీపున వేసుకునేటప్పటికి నా ఒంటిమీద ఒక్క గాయమూ లేదు."