తల మీద చెయ్యి

"తల ఎత్తి నిలబడరా," అని వార్డరు కసిరాడు. శివరామ్ తల ఎత్తేసరికి లోపలి గేటు తెరుచుకుంది. ఆమె వచ్చేసింది.

రాహేలమ్మ. తెల్ల చీర, మెడకు వేలాడే కట్టులో ఎడమ చెయ్యి. ఆ చెయ్యి విరిగింది శివరామ్ వల్లే. పెరంబూరులో చర్చి నుంచి నడిచి వస్తున్న ఆమె గొలుసును బైకు మీద నుంచి లాగాడు. గొలుసు తెగలేదు. ఆమె బోర్లా పడింది, బైకు జారి అతనూ పడ్డాడు. మొహానికి కట్టుకున్న కర్చీఫు ఊడిపోయింది. ఒక్క క్షణం ఇద్దరూ ఎదురెదురుగా, మూరెడు దూరంలో.

ఆ ఒక్క క్షణం ఆమెకు గుర్తుంటే చాలు, అతని పని అయిపోయినట్టే.

దొంగను ఆమె చేత గుర్తుపట్టించడానికి పుళల్ జైలు ఆవరణలో ఖైదీల్లోంచి అతని ఈడువాళ్ళను, అతని పొడుగువాళ్ళను ఏరి, మధ్యలో అతన్ని నిలబెట్టారు. వకీలు పొద్దున్నే వచ్చి చెప్పి పోయాడు. "కెమెరాలో బండి తప్ప ఏమీ పడలే. ఆయమ్మ గుర్తుపట్టి నిన్ను తాకలేదా, కేసు నిలబడదు. తాకిందా, ఏళ్ళకేళ్ళు ఈడే." సంగతి తెలిసేదాకా కదలనని భార్య జయంతి బయట ఆటోలో కూర్చుని ఉంది.

"వాడు ఈ వరుసలో ఉంటే దగ్గరికి పోయి తాకండమ్మా," అంది మేజిస్ట్రేటు.

"ముందర ప్రార్థన చేసుకోవచ్చా తల్లీ?"

"చేసుకోండి."

మేజిస్ట్రేటు అనుకున్నది ఒకటి, రాహేలమ్మ చేసింది ఒకటి. తిన్నగా వరుసలో మొదటివాడి దగ్గరికి నడిచి, తల మీద కుడి చెయ్యి పెట్టి, చెవి దగ్గర ఏదో గొణిగింది. రెండోవాడి వైపు జరిగింది.

"ఆగండమ్మా. తాకినారంటే వాడేనని నేను రాసుకోవాలి."

"రాసుకోవద్దు తల్లీ, ఇది ప్రార్థన. మా సంఘంలో చెయ్యి పెట్టే చేస్తాం."

"వీళ్ళందరికీనా? మీ చెయ్యి విరగ్గొట్టినవాడు వీళ్ళల్లోనే ఉండొచ్చు."

"ఉంటాడనే కదమ్మా. శత్రువుల కోసం ప్రార్థన చెయ్యమన్నాడు ప్రభువు. నా ఎముక విరిగిందని ఆ మాట మారిపోతుందా?"

మేజిస్ట్రేటు కలం మూత పెట్టేసింది. "కానీండి. చివర్లో మాత్రం ఒకరినే చూపించాలి."

శివరామ్ పక్కన నిలబడ్డ వ్యాసర్పాడి కన్నియప్పన్ వార్డరుకు వినబడకుండా నవ్వాడు. "మన మొహాలకు ఆశీర్వాదం ఒకటే తక్కువగా ఉండె గదప్పా."

"గమ్మునుండు."

"నీకేంది, ఇంత చెమట పోస్తా ఉంది?"

శివరామ్ భుజానికి నుదురు తుడుచుకున్నాడు. రాహేలమ్మ ఒక్కొక్కరినీ దాటుకుంటూ వస్తోంది. తల మీద చెయ్యి, చెవిలో గొణుగుడు, మళ్ళీ ఒక అడుగు. కన్నియప్పన్ దగ్గరికి వచ్చింది. అతని నవ్వు మాయమైంది. ఆమె కదలగానే అతను శివరామ్ వైపు తిరిగి ఏదో చెప్పబోయాడు. వార్డరు లాఠీతో నేలను తట్టాడు. "మాటల్లేవు."

ఇప్పుడు ఆ చెయ్యి శివరామ్ తల మీద ఉంది.

వెచ్చగా ఉంది. అతను కళ్ళు మూసుకున్నాడు. దాటిపో, దాటిపో. ఆమె వంగింది. చెవిలో పడింది ప్రార్థన కాదు.

"ఆ పొద్దు బండి మీద నుంచి పడినావే, మోకాలు మానిందా నాయనా?"

ప్యాంటు కింద మోకాలి పుండు భగ్గుమంది. కళ్ళు తెరిచేసరికి ఆమె పక్కవాడి దగ్గరికి వెళ్ళిపోయింది.

గుర్తుపట్టింది. పట్టి కూడా వదిలేసింది.

ఇక నోరు మూసుకుని నిలబడితే చాలు. గేటు, ఆటో, జయంతి, ఇల్లు. రాహేలమ్మ వరుస ముగించి మేజిస్ట్రేటు ముందుకు వెళ్ళింది. కట్టులోని ఆ చెయ్యినే చూస్తున్నాడు శివరామ్. ఇప్పుడు ఆమె తెలియదని చెప్పబోతోంది. ప్రభువు మాట తప్పని మనిషి అతని కోసం అబద్ధమాడబోతోంది.

"చెప్పండమ్మా. ఎవరు?"

రాహేలమ్మ నోరు తెరిచింది.

"నేనే." శివరామ్ వరుస దాటి ముందుకొచ్చాడు. "గొలుసు లాగింది నేనే మేడమ్. ఆయమ్మ చేత అబద్ధం చెప్పించొద్దు."

రాహేలమ్మ అతని దగ్గరికి వచ్చింది. బాగున్న ఒక్క చేత్తోనే అతన్ని దగ్గరికి తీసుకుంది. మేజిస్ట్రేటు కలం మూత తీసింది.

వార్డరు శివరామ్‌ను లోపలికి తీసుకుపోతుంటే కన్నియప్పన్ ఉండబట్టలేకపోయాడు. "ఏందప్పా ఇట్ల చేస్తివి? నీ అంతట నువ్వే పోయి తగులుకుంటివే."

"ఆయమ్మకు అంతా తెలుసప్పా. మోకాలు మానిందా అని అడిగింది."

కన్నియప్పన్ అతన్ని ఎగాదిగా చూశాడు.

"నాకు బండి నడపడమే రాదు. నన్ను కూడా అదే అడిగిందప్పా."