టైరు వెనక దీపం

ఆఖరి బోల్టు బిగించి హల్ల పానా కింద పెట్టింది.

జీపు వెనక బంపర్ మీద ఇనప చట్రం కుదురుగా కూర్చుంది. దాని మీద నడుమెత్తు స్టెప్నీ టైరు. చట్రం తలుపులా తెరుచుకుంటోంది, మూసుకుంటోంది. ఎక్కడా కిర్రుమనడం లేదు.

ఇన్నాళ్లూ ఆ టైరు బండి లోపలే పడుండేది. పోయిన నెల కాలు విరిగిన మనిషిని దాని మీదే కూర్చోబెట్టి కొండ దింపాల్సి వచ్చింది. ఇక ఆ చోట స్ట్రెచర్ పడుతుంది.

"దీపం మూసేశావే."

హల్ల వెనక్కి తిరిగింది. షెడ్డు గుమ్మంలో ఎవరో ముసలాయన. తడిసిన ఉన్ని స్వెటరు, చేతిలో టోపీ. ఊరివాడు కాదు. ఐస్‌లాండ్ ఉత్తరపు ఒడ్డున ఉన్న ఆ చిన్న ఊళ్లో ఆమెకు తెలియని ముసలాళ్లు లేరు.

"ఏ దీపం?"

"వెనక తలుపు మధ్యలో ఉన్నది. టైరు అడ్డమొచ్చింది."

"రెండు మూలలా రెండు లైట్లున్నాయిగా."

"చక్రాలు చిమ్మే మంచు అరగంటలో వాటిని పూడ్చేస్తుంది. వెనక బండివాడు దేన్ని చూసి నడపాలి?"

"తెర చూసి. ఇప్పుడు ప్రతి బండిలోనూ దారి చూపించే తెర ఉంది పెద్దాయనా. నువ్వింకా ఏ కాలంలో ఉన్నావు?"

"దారి చూపిస్తుంది సరే. ముందు బండి ఆగిందని చెబుతుందా?"

హల్ల చేతులు గుడ్డకు తుడుచుకుంది. పొద్దుటి నుంచి ఇది మూడో సలహా. మొదటిది మొగుడు ఓడ్డుర్‌ది, రెండోది పోస్టుమాన్‌ది.

గుమ్మంలోకి ఎవరొచ్చినా కప్పు కాఫీ పోయడం ఆ రక్షకదళం షెడ్డులో రివాజు. కాఫీ ఫ్లాస్కు పక్కనే ఉంది. పళ్లెంలో నూనెలో వేయించిన తీపి మెలికలూ ఉన్నాయి. హల్ల ఏదీ ఇవ్వలేదు.

ముసలాయన గోడ మీది పాత ఫోటో ముందుకెళ్లి నిలబడ్డాడు. నలభయ్యేళ్ల నాటిది. రెండు జీపులు, గడ్డాలు పెంచిన ఇద్దరు కుర్రాళ్లు. కింద ఒక్కరి పేరే రాసుంది, మంచు చీలికలో పడి పోయినవాడిది.

"నేను భోజనానికి వెళ్తున్నా," అంది హల్ల. "చలి కాచుకుంటే కాచుకో. బండి మాత్రం ముట్టుకోకు."

తిరిగొచ్చేసరికి ఆయన లేడు.

టైరు పైన, చట్రం కొసన, ఎర్ర లైటు ఒకటి ఉంది. రెండు క్లాంపులు, ఒద్దికగా లోపలికి దూర్చిన వైరు. కొత్త పెయింటులో డ్రిల్లుతో వేసిన రెండు రంధ్రాలు.

హల్లకు ఒళ్లు మండింది. పీకేద్దామని పానా అందుకుంది.

ఫోను మోగింది.

పైన మంచుమైదానంలో ఇద్దరు చిక్కుకుపోయారు. గుడారం చిరిగింది. ఒకడికి పాదాలు కదలడం లేదు.

ఇరవై నిమిషాల్లో రెండు జీపులు బయల్దేరాయి. ముందు హల్ల, వెనక ఓడ్డుర్.

"లైటు బాగుందే, నువ్వే పెట్టావా?" అన్నాడు ఓడ్డుర్ బండెక్కుతూ.

"ఎవడో ముసలాడు. రాగానే పీకేస్తా."

ఇద్దరూ దొరికారు. పాదాలు చచ్చుబడ్డవాణ్ని హల్ల బండిలో స్ట్రెచర్ మీద పడుకోబెట్టారు. రెండోవాడు ఓడ్డుర్ పక్కన కూర్చున్నాడు.

తిరుగుదారిలో గాలి లేచింది. హల్లకు తన బండి ముక్కే కనిపించడం మానేసింది.

ఉన్నట్టుండి ముందు చక్రం కింద నేల కుంగింది. ఆమె బ్రేకు తొక్కింది.

తలుపు తీసి చూస్తే, బంపర్‌కి జానెడు అవతల మంచు నోరు తెరుచుకుని ఉంది. అడుగు కనబడలేదు.

వెనక నుంచి ఓడ్డుర్ వస్తున్నాడు. చిన్న తాకుడు చాలు. వైర్‌లెస్ అందుకునే వ్యవధి లేదు.

హల్ల స్టీరింగు పట్టుకుని ఆ తాకుడు కోసం ఎదురుచూసింది.

అది రాలేదు.

"ఆగాను హల్లా," అంది వైర్‌లెస్‌లో ఓడ్డుర్ గొంతు. "ఏమైంది?"

"వెనక్కి పో. మెల్లగా. వచ్చిన గాడిలోనే."

తెల్లారేసరికి షెడ్డు చేరారు. ఇద్దరినీ అంబులెన్సు తీసుకుపోయింది. పాదాలకు ప్రమాదం లేదన్నారు.

"నా తెర ఆరిపోయి అప్పటికి గంటైంది," అన్నాడు ఓడ్డుర్.

"చెప్పలేదేం?"

"చెబితే నా బండి కూడా నువ్వే నడుపుతానంటావు."

"మరి దేన్ని చూసి నడిపావు?"

"ఎర్ర చుక్క ఒక్కటే కనిపించింది. అది భగ్గుమంది, తొక్కాను."

హల్ల బండి వెనక్కి వెళ్లి చూసింది. మూలల్లో లైట్ల మీద బెత్తెడు మందాన మంచు పేరుకుంది. ఆమె మొగుడి భుజానికి తల ఆనించింది. తర్వాత నవ్వొచ్చింది.

ఫ్లాస్కు నిండా కాఫీ పోసుకుని, తీపి మెలికలు పొట్లం కట్టుకుని, ముసలాయన పొద్దుటి బస్సెక్కేస్తాడేమోనని, అది ఆగే పెట్రోలు బంకుకి పరిగెత్తింది.

"ఇప్పుడే వెళ్లింది బస్సు," అన్నాడు బంకు నడిపే గున్‌లౌగుర్. ఒకప్పుడు రక్షకదళానికి పెద్ద. "రాత్రంతా ఆయన ఇక్కడే, నా వైర్‌లెస్ పక్కనే కూర్చున్నాడు. రెండు బండ్లూ వచ్చాయా అని మూడుసార్లు అడిగాడు. వచ్చాయి మహానుభావా అన్నాక అలాగే కుర్చీలో నిద్రపోయాడు. బస్సుకి నేనే లేపాల్సొచ్చింది."

"ఎవరాయన?"

"మీ గోడ మీద ఫోటో రోజూ చూస్తావుగా."

"అందులో ఒకడు పోయాడుగా. ముందు బండి తిరిగిన మలుపు తెలీక చీలికలోకి వెళ్లాడు."

"ఆ పోయినవాడు ఈయన తమ్ముడు," అన్నాడు గున్‌లౌగుర్. "కొత్తగా వెనక తలుపు మీద స్టెప్నీ బిగించుకుని, ఆ ముందు బండి నడిపింది ఈయనే."