ముళ్ళకంచె అవతల

కంచె సందులోంచి దూరేటప్పుడు ముళ్ళు సిలాంటోయ్ భుజాన్ని చీరేశాయి. ఆమె వెనక్కి చూడలేదు. పెద్దలంతా తిని తాగి తుమ్మచెట్టు నీడన పడుకున్నారు. అన్నలు ఎప్పుడు లేస్తారో తెలియదు.

అడవి చేరాలి. సంబురు తెగ యువవీరులు అక్కడే మకాం పెట్టి మాంసం కాల్చుకుంటున్నారు. వాళ్ళలో మెరివాస్ ఉన్నాడు. ఆమె మెడ నిండా ఉన్న ఎర్రపూసలు అతను వేసినవే. తీసెయ్యమని తల్లి ఎంత తిట్టినా తీయలేదు.

ఎండిన వాగులో గుంట తవ్వి నీళ్ళు తోడుతున్న నైసూలా, చిన్ననాటి నేస్తం, ఆమెను చూసి డబ్బా వదిలేసింది.

"ఎక్కడికే ఇట్లా? మీ అన్నలు చూస్తే కాళ్ళు విరగ్గొడతారు."

"విరగ్గొట్టనీ. ఆ ముసలాడి గుడిసెకి నడిచే పని తప్పుతుంది."

"గుమ్మం ముందు ఎద్దు తెగిందంటే పెళ్ళయిపోయినట్టే. ముసలాడైతేనేం, మందలున్నాయిగా."

"అయితే నువ్వే వెళ్ళు. పళ్ళు లేవు వాడికి, నమిలి పెడుదువు గాని."

నైసూలా నవ్వేసింది. అంతలోనే ముఖం ముడుచుకుంది. "మెరివాస్ మాత్రం ఏం చేస్తాడే? పెద్దలు కళ్ళెర్రజేస్తే వీరులంతా మేకపిల్లలే."

"వాడు అట్లాంటోడు కాదు. సింహానికే ఎదురెళ్ళాడు."

"సింహం పెద్దల్లా శాపం పెట్టదుగా."

కొండ మీద కేకలు వినిపించాయి. అన్నల గొంతులే. సిలాంటోయ్ పరుగెత్తింది. ఒక పక్క కొండ, ఒక పక్క లోయ. ఉన్నది ఒకటే దారి, అది వాళ్ళకీ తెలిసిన దారే.

చివరికి పొగ కనబడింది. నేస్తాల మధ్య కూర్చున్నాడు మెరివాస్. ఎర్రమట్టి పూసిన జడలు వీపు మీద మెరుస్తున్నాయి. ఆమెను చూసి అందరూ మాట ఆపేశారు.

"మెరివాస్, లే. ఉత్తరాన కొండలు దాటేద్దాం. అన్నలు వచ్చేస్తున్నారు, నన్ను లాక్కుపోతారు."

అతను చప్పున లేచాడు. ఆమె అప్పుడు ఊపిరి పీల్చుకుంది.

మెరివాస్ భుజం మీది దుప్పటి తీసి ఆకుల మీది మాంసాన్ని గబగబా కప్పేసి, "అక్కడే ఆగమ్మా," అన్నాడు, "పొద్దున మీ గుమ్మం ముందు కోసిన నీ పెళ్ళి ఎద్దులో మా వాటా ఇది, పెళ్ళయిన ఆడదాని చూపు పడితే మేం తినకూడదు."