చౌడక్క మొండితనం

"వద్దంటే వద్దు సార్. నా బిడ్డ ఆడదు" అంది చౌడక్క, గొర్రెల దొడ్డి వాకిలికి ముళ్ళకంప అడ్డం లాగుతూ.

వెంకటేశులుకు ఒళ్ళు మండిపోయింది. పెనుకొండ నుంచి రొద్దానికి బండేసుకుని రావడం ఇది ఐదోసారి. పద్దెనిమిదేళ్ళుగా ఖో-ఖో కోచ్. నిక్కరు వేసుకోవద్దన్న తల్లుల్ని ఒప్పించాడు, పెళ్ళి కుదిరిందన్న తల్లుల్నీ ఒప్పించాడు. ఈమె ఒక్కతే కొరకరాని కొయ్యయి కూర్చుంది.

"అక్కా, రేపు పొద్దున తొమ్మిదికి ధర్మవరంలో సెలెక్షన్లు. దీపిక రాకపోతే స్టేట్ టీములో దాని చోటు ఇంగొకరికి పోతాది."

"పోనీలే."

"పోనీలేనా! బెంగళూరు డాక్టరు కాగితం రాసిచ్చినాడు గదా! గుండెలో లోపం సరిచేసినాము, పరిగెత్తించి చూసినాము, బాగా ఆడుకోవచ్చు అని. మూడు సార్లు సదివి వినిపిస్తి నీకు."

"ఆ పొద్దు హిందూపురంలో ఆ డాక్టరు ఉన్న్యాడా సార్?"

ఆ పొద్దు హిందూపురం గ్రౌండులో దీపిక పరిగెత్తుతూ పరిగెత్తుతూ బొక్కబోర్లా పడిపోయింది. ఊపిరి లేదు. అంబులెన్సు వచ్చేదాకా పదకొండు నిమిషాలు ఆ పిల్ల రొమ్ము మీద చేతులు పెట్టి ఒత్తుతూనే ఉన్నది వెంకటేశులే.

"నువ్వుంటివి" అంది చౌడక్క. "నువ్వే బతికించి నా చేతిలో పెడితివి. మళ్ళా నువ్వే ఆడికి రమ్మంటాండావు. ఇదేం న్యాయం సార్?"

"సస్తాదేమోనని ఇంట్లో కూసోబెట్టుకుంటే అది బతుకేనా? ఇరవయ్యేళ్ళ పిల్ల! ఎనిమిది నెలలుగా గొర్రెల ఎంబడి తిరుగుతాండాది. దాని మనసులో ఏముండాదో ఒక్కనాడన్నా అడిగినావా?"

చౌడక్క ఇంటి వైపు ఒకసారి చూసింది.

"నేను వద్దంటాండా. అంతే."

"అంతేనా? ఊరంతా ఏమంటాండారో ఇను. కడుపున పుట్టిన బిడ్డకే అడ్డం పడిన రాతిగుండెది అంటాండారు. నేను కాదనలేదు. నీ మొండితనంతో దాని బతుకు మన్ను చేసినావు!"

ఇంకొకరైతే చీపురు తిరగేసేవాళ్ళు. చౌడక్క కొంగుతో చేతులు తుడుచుకుంది.

"అననీలే సార్. ఎండన పడి వచ్చినావు, ఇంత మజ్జిగ తాగిపో."

ఆ నిదానం చూసేసరికి ఆయనకు ఇంకా అరికాలి మంట నెత్తికెక్కింది. "నీ మజ్జిగ నువ్వే పెట్టుకో!" అని విసవిసా వీధిలోకి వచ్చి బండి కిక్కు కొట్టాడు. కదల్లేదు. మళ్ళీ కొట్టాడు. గుర్రుమని ఆగిపోయింది. దానికీ ఈయన మాటంటే లెక్క లేనట్టుంది.

"సార్!"

దీపిక వచ్చి బండి పక్కన నిలబడింది. ఆ పిల్ల మొహం చూడగానే వెంకటేశులు కోపం చప్పున దిగిపోయింది.

"నువ్వు దిగులు పడొద్దు పాపా. సాయంత్రం మళ్ళా వస్తా. మీ ఊరి పెద్దమనుషుల్ని పిలుచుకొస్తా. మీ యమ్మ ఎట్ల ఒప్పుకోదో చూస్తా."

"రావద్దు సార్. మా అమ్మను ఇంగ తిట్టొద్దు." దీపిక కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "మీరు నాకు ఊపిరి పోసినారు. మీ మొగం చూసి చెప్పే ధైర్యం లేకపాయ."

"ఏం చెప్పేదానికి?"

"మా అమ్మ, డాక్టరు కాగితం ఇచ్చిన దినమే పోయి ఆడుకోమనింది సార్. నాకు భయమైతాంది, వద్దని నువ్వే చెప్పమ్మా అని ఆయమ్మ కాళ్ళు పట్టుకునింది నేను."